కొత్త బండికి సైలెన్సర్ మార్పిస్తున్నారా? అపోహలు – వాస్తవాలు

షోరూం నుంచి వచ్చి వారం తిరక్కుండానే కుర్రాళ్లు బండిని మా షెడ్డుకి తెస్తారు. "అన్నా, సైలెన్సర్ మార్చెయ్" అంటారు. పని మొదలుపెట్టే ముందు వాళ్లకి చెప్పే మాటలే ఇవి.

అపోహ: సౌండ్ పెరిగితే పవర్ పెరిగినట్టే.

చెవికి అలా అనిపిస్తుంది, అంతే. 350 సీసీ సింగిల్ సిలిండర్ బండికి సైలెన్సర్ ఒక్కటే మారిస్తే, నడిపేవాడికి తెలిసేంత పవర్ రాదు. బరువు మాత్రం నిజంగానే తగ్గుతుంది.

అపోహ: ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి.

ఇది మెకానిక్కులు కూడా అనే మాట. బ్యాక్ ప్రెషర్ అంటే పొగ బయటికి పోకుండా పైపు ఎదురుతోసే ఒత్తిడి. దానివల్ల ఇంజిన్‌కి మేలేమీ లేదు. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే, ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపులో ఒత్తిడి ఒక అలలా పరుగెడుతుంది. పైపు వెడల్పయ్యే చోట ఆ అల తిరగబడి, గాలిని లాగే అలగా వెనక్కి వస్తుంది. అది సరిగ్గా సమయానికి వాల్వ్ దగ్గరికి చేరితే సిలిండర్‌లో మిగిలిన పొగని బయటికి గుంజేస్తుంది. పైపు పొడవు, లావు కంపెనీ లెక్కగట్టేది ఇందుకే. మరీ లావు పైపు వేస్తే కింది ఆర్‌పీఎంలో పికప్ పడిపోతుంది. మనం రోజూ ట్రాఫిక్‌లో నడిపేది అక్కడే కదా!

అపోహ: బీఎస్6 బండి, ఈసీయూ అన్నీ అదే సర్దుకుంటుంది.

కొంతవరకే. ఈసీయూ అంటే ఇంజిన్‌కి పెట్రోలు ఎంత పొయ్యాలో తేల్చే కంప్యూటర్. మామూలుగా నడిపేటప్పుడు పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి పెట్రోలు కాస్త ఎక్కువ తక్కువ చేస్తుంది. దానికీ ఒక హద్దుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు చాలా బండ్లలో కంపెనీ ముందే రాసిపెట్టిన లెక్క (మ్యాప్) ప్రకారమే పోతుంది.

ఈమధ్య ఒక బండి వచ్చింది. థ్రాటిల్ వదిలితే టపటపమని పేలుతోంది, మైలేజీ పడిపోయింది. వంగి చూస్తే బెండ్ పైపు ఇంజిన్‌కి బిగించే చోట నల్లటి మసి చార. బయట ఎవరో ఆ అతుకులో సందు మూసే గ్యాస్కెట్ పాతదే మళ్లీ వేసి బిగించారు. ఆ సందులోంచి గాలి లోపలికి పోతోంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటోంది, ఈసీయూ ఇంకాస్త పోస్తోంది. కొత్త గ్యాస్కెట్ వేశాక రెండు సమస్యలూ పోయాయి.

అపోహ: డీబీ కిల్లర్ ఉంటే పోలీసులు ఏమీ అనరు.

డీబీ కిల్లర్ అంటే సౌండ్ తగ్గించడానికి సైలెన్సర్ మూతిలో దూర్చే ముక్క. 175 సీసీ దాటిన బైకులకి కంపెనీ టెస్టులో హద్దు 80 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది. డీబీ కిల్లర్ పెట్టినంత మాత్రాన ఆ పైపు టెస్టు పాసైనట్టు కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మన వీధిలో పసిపిల్లలు, గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఉంటారు. నాకు జరిమానా కంటే అదే పెద్ద కారణం.

అపోహ: క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే బండికి ఊపిరాడుతుంది.

ఆ తేనెపట్టులాంటి దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది. విష వాయువుల్ని విరగ్గొట్టేది అదే. నేను తియ్యను. ఎంత బతిమాలినా తియ్యను.

అయినా మార్చాలనే ఉంటే, కంపెనీ వాళ్లే మీ మోడల్‌కి అనుమతితో అమ్మే స్లిప్‌ఆన్ (బెండ్ పైపుకి చివర తగిలించే సైలెన్సర్ మాత్రమే) తీసుకోండి. బెండ్ పైపుని, సెన్సర్‌ని కదపొద్దు. గ్యాస్కెట్ కొత్తది వెయ్యమని అడగండి. పాత సైలెన్సర్‌ని తుక్కుకి వెయ్యకండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది దాన్నే. రెండు మూతులూ గుడ్డతో బిగించి, తడి తగలని చోట దాచండి.