విత్తనాల గొడవ అర్థం కావాలంటే 1970 చూడాలి

విత్తనం ఎవరిది అన్న పేచీ మళ్లీ రాజుకుంది. ఈసారి గొడవ గింజ మీద కాదు, గింజలోంచి చదివి కంప్యూటర్లో పెట్టుకున్న జన్యు సమాచారం మీద. హరిత విప్లవం కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. నన్నడిగితే అసలు మలుపు 1970.

ఆ ఏడాది అమెరికాలో మొక్కజొన్నకు ఆకు ఎండు తెగులు సోకి దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది. హైబ్రిడ్ విత్తనం తయారు చేయాలంటే ఆడ వరుసల్లో మగ పూతను మనుషులతో తీయించాలి. ఆ కూలి ఖర్చు తప్పుతుందని కంపెనీలు టెక్సాస్ సైటోప్లాజం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థంలో ఒక రకం) వల్ల పుప్పొడి రాని మొక్కలను వాడాయి. పైకి కంపెనీల పేర్లు వేరు, రకాల పేర్లు వేరు, లోపల మాత్రం నూటికి ఎనభై పాళ్లు అదే. తెగులు సరిగ్గా దాన్నే పట్టుకుంది.

అదే డిసెంబర్లో అమెరికా కొత్త వంగడాలపై హక్కులిచ్చే చట్టం తెచ్చింది. హక్కు కావాలంటే వంగడంలో మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు మారినా మారకూడదు. యూరప్ దేశాలు 1961లోనే కొత్త వంగడాల హక్కుల కోసం చేసుకున్న యూపీఓవీ ఒప్పందంలో ఈ షరతు పెట్టాయి. ఒకే పోలికతో ఎంత ముప్పో కళ్లారా చూసిన ఏడాదే, ఆ పోలిక ఉంటేనే హక్కు అన్నారు! రైతు తరతరాలుగా దాచుకున్న గింజ ఒకేలా ఉండదు, దాని బలమే అది. అందుకే దానికి అక్కడ చోటు లేదు.

చోటు లేకపోయినా అవసరం తీరలేదు. వరికి గ్రాసీ స్టంట్ వైరస్ వచ్చినప్పుడు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రీ) శాస్త్రవేత్తలు వేల నమూనాలు పరీక్షిస్తే, తట్టుకునే గుణం దొరికింది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన అడవి వరిలో. ఐఆర్36 అనే వరి రకానికి ఆ గుణం వచ్చింది అక్కడి నుంచే.

ఇలాంటి గింజలు మానవాళి ఉమ్మడి ఆస్తి అని 1983లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సభ్యదేశాలు అన్నాయి. 1992 జీవవైవిధ్య ఒప్పందం వాటిపై ఆయా దేశాలకే అధికారం అంది. 2001 విత్తన ఒప్పందం మధ్యేమార్గంగా 64 పంటల జాబితా పెట్టి, విత్తనం అందరూ పంచుకోండి, అమ్మకాల్లో కొంత తిరిగివ్వండి అంది. అయితే తయారైన రకాన్ని ఇతరులు పరిశోధనకు వాడకుండా అడ్డుకుంటేనే చెల్లింపు తప్పనిసరి. ఈ సందు చాలు, ఆ లెక్కన మొదటి చెల్లింపు రావడానికి 2018 దాకా పట్టింది.

ఇప్పుడు గింజ తెప్పించుకునే పనే లేదు, జన్యుక్రమం డౌన్‌లోడ్ చేసుకుంటే సరి. గింజ చేతులు మారకపోతే వాటా ఇస్తామన్న ఒప్పందంపై సంతకం లేదు, సంతకం లేకపోతే వాటా లేదు. గింజలిచ్చిన దేశాల మంట అదే. ఇలాంటి సమాచారానికి వెల కడితే పరిశోధన కుంటుపడుతుందని కంపెనీల వాదన. 2019లో విత్తన ఒప్పందంపై రోమ్‌లో జరిగిన చర్చలు ప్రధానంగా ఇక్కడే తెగిపోయాయి. జీవవైవిధ్య ఒప్పందం కింద 2025 ఫిబ్రవరిలో, ఇలాంటి జన్యు సమాచారం వాడుకునే కంపెనీల నుంచి డబ్బు తీసుకునే కాలీ నిధి మొదలైంది, పెద్ద కంపెనీలు ఆదాయంలో 0.1 శాతమో లాభంలో 1 శాతమో ఇవ్వాలన్నది సూచన. ఇవ్వడం మాత్రం ఐచ్ఛికం.