మ్యూజియం వెనక గదుల్లో మా పని: అపోహలు - వాస్తవాలు

మనిషి వల్ల ప్రకృతిలో వచ్చిన మార్పుల మీద పనిచేసే క్యూరేటర్‌నని చెప్పగానే చాలామందికి గ్యాలరీలో అద్దాల వెనక నిలబెట్టిన పులి గుర్తొస్తుంది. నిజానికి మా పనంతా జనం చూడని గదుల్లో, సొరుగుల మధ్యే.

అపోహ: పాత నమూనాలు (దాచిపెట్టిన పక్షి చర్మాలు, గుడ్లు వంటివి) గతానికి గుర్తులే. ఇప్పుడు వాటితో పనేముంది?

వాస్తవం: 19వ శతాబ్దపు బ్రిటన్‌లో పక్షి గుడ్లు సేకరించడం ఒక సరదా. పెంకుకు చిన్న బెజ్జం పెట్టి, లోపలి సొన బయటికి ఊదేసి, దూదిలో పదిలంగా పెట్టేవారు. పక్కనే తేదీ, చోటు రాసిన చీటీ. డీడీటీ పురుగుల్ని చంపుతుందని తేలింది 1939లో కాబట్టి వాళ్లకు ఆ మందు ఊసే తెలియదు. తర్వాత ఎప్పుడో పెరిగ్రిన్ డేగల గూళ్లలో గుడ్లు పగిలిపోతుంటే, బ్రిటన్ శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ ఈ పాత పెంకుల్నే బయటికి తీయించాడు. పెంకు బరువును దాని పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే మందం ఏపాటిదో తెలిసిపోతుంది, గుడ్డు పగలగొట్టనక్కర్లేదు. దశాబ్దాలుగా నిలకడగా ఉన్న ఆ అంకె 1940ల చివర్లో, డీడీటీ వాడకం మొదలైన రోజుల్లోనే, ఉన్నట్టుండి పడిపోయింది, అంటే పెంకులు పలచబడ్డాయి. 1967లో ఆయన ఈ సంగతి బయటపెట్టాడు. నా దృష్టిలో ఇందులో అసలు విలువ చీటీది. తేదీ లేని గుడ్డు ఎంత అందంగా ఉన్నా ఈ లెక్కకు రాదు.

అపోహ: ఒకే జాతి పక్షులు అన్నెందుకు? ఒకటి చాలదా?

వాస్తవం: ఆ జాతి ఎలా ఉంటుందో చూడ్డానికి చాలు. మారుతోందా అంటే మాత్రం చాలదు. చికాగోలో అద్దాల భవనాలను ఢీకొని చచ్చిపోయిన వలస పక్షులను ఫీల్డ్ మ్యూజియం వాళ్లు 1978 నుంచీ ఏరి దాచారు. ఆ మ్యూజియంలో పనిచేసిన డేవిడ్ విల్లార్డ్ ఒక్కడే కూర్చుని కొలిచినవి 2016 నాటికి 70,716. కాలి ఎముక సగటున 2.4 శాతం చిన్నదైంది, రెక్క 1.3 శాతం పొడవైంది. వేడి పెరగడం వల్లే ఒళ్లు తగ్గుతోందని పరిశోధకుల అంచనా. ఇంత చిన్న తేడా పదో ఇరవయ్యో పక్షుల్లో దొరకదు.

అపోహ: నమూనాలకు పట్టిన మురికిని ఎప్పటికప్పుడు కడిగేయాలి.

వాస్తవం: దయచేసి వద్దు! అమెరికా పారిశ్రామిక ప్రాంతాల్లో వందేళ్ల కిందట పట్టిన పక్షుల పొట్ట తెల్లగా ఉండాల్సింది, బూడిద రంగులో ఉంటుంది. అది బొగ్గు మసి. షేన్ డ్యూబే, కార్ల్ ఫుల్డ్‌నర్ అనే పరిశోధకులు 135 ఏళ్ల కాలానికి చెందిన 1,300కు పైగా పక్షులను ఫొటోలు తీసి, ఈకల మీంచి ఎంత వెలుతురు తిరిగొస్తోందో కొలిచి, ఏ కాలంలో గాలి ఎంత నల్లబడిందో 2017లో చూపించారు. 1930ల ఆర్థిక మాంద్యంలో మసి తగ్గింది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మళ్లీ పెరిగింది, ఆ తర్వాత బాగా తగ్గిపోయింది. మనిషి ప్రభావం అంటే నాశనం ఒక్కటే అనుకునేవాళ్లకు నేను ఈ చివరి భాగమే ముందు చూపిస్తాను.

అపోహ: మ్యూజియాలు జరిగినదానికి ఆధారాలు భద్రపరిచాయే తప్ప వాటి చేతులకు మరకేమీ లేదు.

వాస్తవం: గ్రేట్ ఆక్ అనే ఎగరలేని సముద్ర పక్షిని ముందు మాంసానికీ ఈకలకూ వేటాడారు. అరుదైపోయే కొద్దీ సేకరించేవాళ్ల గిరాకీ పెరిగింది. 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డీ దీవిలో చివరి జంటను చంపింది కూడా సేకరణ కోసమే. ఆ మాట బోర్డు మీద రాయాల్సిందేనని నా పట్టుదల.

అపోహ: సేకరణ పెద్దదైతే ఏ లెక్కైనా తీయొచ్చు.

వాస్తవం: సేకరించినవాళ్లు దారి బాగున్న చోటికే ఎక్కువగా వెళ్లారు. పక్షుల సేకరణల్లో మగవే ఎక్కువ. పైగా పాత చర్మాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్, పాదరసం పూసేవారు. సముద్ర పక్షి ఈకలో పాదరసం కనిపించగానే సముద్రం కలుషితమైందని రాసేస్తే, కొలిచింది మన పూర్వ క్యూరేటర్ పూసిన మందునే కావచ్చు. అందుకే తిండి ద్వారా ఒంట్లోకి చేరే మిథైల్ పాదరసాన్ని విడిగా కొలుస్తాం.