ఖాదీ పేచీ సోలార్ మోటారుతో మొదలవలేదు

సోలార్ చరఖా, అంటే సౌర విద్యుత్తు మోటారుతో తిరిగే రాట్నం మీద తీసిన నూలుతో నేసిన బట్టను ఖాదీ అనొచ్చా, కూడదా? ఈ పేచీ మళ్లీ లేచింది. కూడదనేవాళ్లు చట్టం చూపిస్తున్నారు, అనొచ్చనేవాళ్లు రోజు కూలి లెక్కలు చెబుతున్నారు. స్వదేశీ ఉద్యమం, గాంధీజీ, రాట్నం కథ అందరూ బళ్లో చదువుకున్నదే, దాటేద్దాం. ఇప్పటి తగవు అర్థం కావాలంటే చూడాల్సిన సంవత్సరం 1956.

ఆ ఏడాది ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చట్టం వచ్చింది. దేశంలో చేతితో వడికిన నూలు, పట్టు, ఉన్ని దారాలతో చేమగ్గం మీద నేసిందే ఖాదీ అని నిర్వచించింది. సరిగ్గా అప్పుడే, రెండో పంచవర్ష ప్రణాళిక అండతో అంబర్ చరఖా ఊళ్లలోకి దిగింది. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ తయారుచేసిన యంత్రం ఇది, ఆయన పేరే దానికి పెట్టారు. వడకడంలో చెయ్యి ఏ పని చేయాలో మాత్రం చట్టం చెప్పలేదు.

చెయ్యి చేసే పనిలో రాట్నానికీ రాట్నానికీ ఉన్న తేడా తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లాలి. అక్కడ ఇప్పటికీ ఒంటి కదురు రాట్నం తిరుగుతోంది. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు చెత్తను లాగేసి పింజల్ని సాపు చేస్తాయి. తర్వాత బల్ల మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ విడదీస్తారు, వింటితో ఏకుతారు, ఏకులు చుడతారు. చేతి చెమట అంటకుండా ఏకును ఎండిన అరటి డొప్పలో పెట్టి పట్టుకుంటారు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకును వెనక్కి లాగుతుంటే కదురు కొసన పురి ఎక్కుతుంది. దారం ఎక్కడ పలచబడుతోందో, ఎక్కడ ముద్ద కడుతోందో కంటికన్నా ముందు వేళ్లకు తెలుస్తుంది, పట్టు దానంతటదే సడలుతుంది లేదా బిగుస్తుంది. చెయ్యి చాచినంత దారం రాగానే చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి, దారాన్ని కదురుకు చుట్టి, మళ్లీ లాగుతారు. తకిలి మీద వడికినా ఇంతే, అక్కడ చక్రం బదులు వేళ్లే కదురును తిప్పుతాయి. కొండపత్తి, పునాస పత్తి లాంటి పొట్టి పింజ నుంచి 100 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) నూలు దిగుతోందంటే అది ఆ వేళ్ల చలవే.

అంబర్ పద్ధతి వేరు. దూదిని సాగదీసేవి రోలర్లు. పురి పెట్టేది రింగు, దాని మీద తిరిగే ట్రావెలర్ అనే చిన్న కొక్కెం. సూటిగా చెప్పాలంటే మిల్లు స్పిన్నింగ్ ఫ్రేమునే చిన్నది చేసి పిడి తగిలించారు. మనిషి పిడి తిప్పాలి, తెగిన పోగు అతకాలి. మొదట నాలుగు కదుళ్లు, తర్వాతి మోడళ్లలో ఆరు, ఎనిమిది. దిగుబడి అమాంతం పెరిగింది, నూలు ఒకే మందంలో వచ్చింది. అది కాదనలేం. కానీ సాగదీసే పని వేళ్ల నుంచి రోలర్లకు పోయిన రోజే చెయ్యి మోటారు ఉద్యోగంలో చేరింది. ఆ ఉద్యోగం మోటారుకే ఇచ్చేద్దామని అడగడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది, అంతే.

కొత్త యంత్రాలు కావాలనేవాళ్ల దగ్గర ఒక తురుపు ముక్క ఉంది. 1929లో గాంధీజీ పెట్టిన అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. గాంధీజీకే లేని అభ్యంతరం మీకెందుకని అడుగుతారు. షరతులు కూడా చదవాలి మరి. ధర 150 రూపాయలు దాటకూడదు, తేలిగ్గా మోసుకుపోయేలా ఉండాలి, ఆడమనిషి పెద్దగా అలసిపోకుండా ఎనిమిది గంటలు నడపగలగాలి. పూరింట్లో ఇమిడేది కావాలన్నారన్న మాట. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు.

అంబర్ ఇంట్లో ఇమిడింది గానీ దాని మేత ఇంట్లో దొరకలేదు. తొలిరోజుల్లో ఏకులు తీసే బెల్ని కూడా సెట్టులోనే ఇచ్చేవారు. తర్వాత ఆ పని ఖాదీ కమిషన్ పెట్టిన, దూదిని ఏకి వడకడానికి సిద్ధం చేసే కేంద్ర స్లైవర్ ప్లాంట్లకు పోయింది: చిత్రదుర్గ, సీహోర్, రాయ్‌బరేలీ, హాజీపూర్ లాంటి చోట్లకు. దూది ఏకే పని ఊరు దాటింది. చుట్టుపక్కల పండే పొట్టి పింజ రోలర్లకు పనికిరాదు కాబట్టి రైతుకూ ఆ రాట్నానికీ సంబంధం తెగిపోయింది. అంబర్ మేలు గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు.

బీహార్‌లో నవాదా జిల్లా ఖన్వా గ్రామంలో ముందు ప్రయోగం చేసి, 2018లో కేంద్ర ప్రభుత్వం సోలార్ చరఖా మిషన్ తెచ్చింది. 50 క్లస్టర్లు, 550 కోట్ల రూపాయలు. సోలార్ చరఖా కావాలనేవాళ్ల వాదన చిన్నదే గానీ తీసిపారేసేది కాదు: రోజంతా పిడి తిప్పి భుజాలు పడిపోవడంలో గొప్పేముంది? చిలపకు (నూలు చుట్టకు) ఇంతని కూలి ఇచ్చే పనిలో ఒంటి కదురు మీద ఎన్ని చిలపలు తీయగలరు? అంబర్‌కు లేని మడి మాకెందుకు? ఈ చివరి ప్రశ్నకు అంబర్ సంఘాల దగ్గర గట్టి జవాబు లేదు. జవాబు చెప్పగలిగేది పొందూరు లాంటి చోట్ల ఒంటి కదురు ముందు కూర్చునే ఆడవాళ్లే. వాళ్లను ఎవరూ పిలవడం లేదు.

ఈలోగా 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి, మిల్లు గుడ్డతో, పాలిస్టర్‌తో కూడా జాతీయ జెండా తయారు చేసుకోవచ్చన్నారు. ఖాదీ సంఘాలకు నికరంగా ఉన్న ఒక గిరాకీకి గండి పడింది. ఇప్పుడు, ఇది అసలు ఖాదీయే అని చెప్పే ఖాదీ మార్కు ఎవరికి దక్కుతుందన్నదాని మీద ఇంత టెన్షన్ అందుకే. 2013 నిబంధనలతో వచ్చిన ఆ మార్కు పొందూరు ఒంటి కదురు పంచెకూ, ఎనిమిది కదుళ్ల అంబర్ నూలుతో నేసిన షర్టు గుడ్డకూ ఒకటే. షాపులో కొనేవాడు ట్యాగు తిరగేసి చూసినా ఏది ఏ రాట్నం మీద వడికిందో తెలియదు.