నాలుగు కోడెలు, 24 వరసలు

నాలుగు కోడెలను పక్కపక్కనే నిలబెడతారు. ఒక్కోదానికి ఒక నంబరు. చుట్టూ చేతుల్లో చిన్న కార్డులతో పిల్లలు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, పక్కవాడి కార్డులోకి తొంగిచూడకూడదు. 12 నుంచి 15 నిమిషాల్లో ఏది మొదటిదో, ఏది చివరిదో తేల్చి కార్డు మీద గుర్తు పెట్టి ఇచ్చేయాలి. నాలుగింటిని 24 రకాలుగా పేర్చవచ్చు. పూర్తి 50 మార్కులు వచ్చేది అందులో ఒకే ఒక్క వరసకు.

అమెరికాలో 4-హెచ్ (బాలబాలికల క్లబ్బుల సంస్థ), ఎఫ్ఎఫ్ఏ (ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికాగా మొదలైన, వ్యవసాయం చదివే బడిపిల్లల సంస్థ) పిల్లలకు నడిపే పశువుల ఎంపిక పోటీ ఇది. అక్కడ దీన్ని లైవ్‌స్టాక్ జడ్జింగ్ అంటారు. సొంత దూడను ఏడాదంతా మేపి, దువ్వి, రింగులో నడిపించి బహుమతి కొట్టే ప్రదర్శన వేరు. ఇక్కడ పశువులు ఎవరివో పిల్లలకు సంబంధం లేదు. పరీక్ష వాళ్ల కంటికి, ఆ తర్వాత నోటికి. కొన్ని దశాబ్దాలుగా ఈ పరీక్ష పుస్తకజ్ఞానం వైపు కూడా మొగ్గుతోంది. సొంత పశువు ఉండి తీరాలన్న షరతు చాలా పోటీల్లో లేదు. పేడ ఎత్తని పిల్లవాడు పశువుల పోటీలో ఎలా గెలుస్తాడని గొణిగే పాతకాపులు అందుకే ఉన్నారు. ఆ గొణుగుడు వెనక రెండు శతాబ్దాల కథ ఉంది.

మొదట్లో బహుమతి పశువుకే. 1807లో ఎల్కనా వాట్సన్ అనే పెద్దమనిషి మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ ఊరి నడిబొడ్డున, ఒక ఎల్మ్ చెట్టు కింద, రెండు మెరినో గొర్రెలను కట్టేసి నిలబెట్టాడు. అంత మెత్తటి ఉన్ని ఆ చుట్టుపక్కల కొత్త, చూడటానికి జనం మూగారు. నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడ వ్యవసాయ సంఘం, ఏటా పశు ప్రదర్శన, బహుమతులు. 1841లో న్యూయార్క్ రాష్ట్రం తొలి రాష్ట్రస్థాయి ప్రదర్శనను సిరక్యూస్‌లో పెట్టింది. పోటీలు పెద్దలవి, గొప్పలూ పెద్దలవే. పిల్లలు దూడ తాడు పట్టుకోవడానికి మాత్రమే వచ్చేవారు.

పిల్లల్ని ముందుకు తెచ్చింది పెద్దల మొండితనం. 1862 నాటి మారిల్ చట్టంతో వ్యవసాయ కళాశాలలు వచ్చాయి, 1887 నాటి హ్యాచ్ చట్టంతో పరిశోధన కేంద్రాలు వచ్చాయి. అక్కడ తేలిన విషయం రైతు చెవికెక్కేది కాదు. తాతల నాటి పద్ధతిని కాదని కోటు వేసుకున్న ప్రొఫెసర్ మాట ఎవరు వింటారు? కొడుకు పెరట్లో వేసిన మొక్కజొన్న తన చేలోదానికంటే ఏపుగా ఎదిగితే మాత్రం తండ్రి కాదనలేడు. ఒహాయోలో ఎ.బి. గ్రాహమ్ అనే బడి అధికారి 1902 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని కోర్టు భవనం కింది గదిలో బాలబాలికలను కూర్చోబెట్టి ఒక వ్యవసాయ క్లబ్బు మొదలుపెట్టాడు. 4-హెచ్ తన పుట్టుకను చెప్పుకునేది అక్కడి నుంచే. తొలినాటి పని విత్తనాలు, మట్టి పరీక్ష, కూరగాయలు. దూడలూ పందిపిల్లలూ ఆ వెనకే వచ్చాయి.

కంటికి పెట్టే పరీక్ష మాత్రం కళాశాలల్లోనే పుట్టింది. 1890లలో విస్కాన్సిన్‌లో, ఆ తర్వాత అయోవాలో జాన్ క్రెయిగ్ అనే ఆచార్యుడు పశువును భాగాలుగా విడదీసి చూడటం నేర్పాడు. వీపుకు ఇన్ని మార్కులు, తొడకు ఇన్ని, కాళ్లకు ఇన్ని అని కార్డు మీద వేయించేవాడు. 1900లో షికాగో పశువుల సంతలో అంతర్జాతీయ ప్రదర్శన మొదలైనప్పుడు కళాశాల విద్యార్థులకు ఎంపిక పోటీ కూడా అక్కడ పెట్టారు.

ఆ సంత గురించి ఒక్క మాట. యూనియన్ స్టాక్ యార్డ్స్ 1865 క్రిస్మస్ రోజున తెరుచుకుంది. అక్కడి కొనుగోలుదారు గుర్రం మీద వచ్చి దొడ్డిలోని మంద మీద ఒక చూపు విసిరి ధర చెప్పేవాడు. ఆ చూపులో ఏముందో తెలియని రైతు చెప్పిన ధరకు తలూపి వెళ్లాల్సిందే. అంచేత పశువును చూసి అంచనా కట్టడమంటే వేడుక కాదు, బేరంలో మోసపోకుండా ఉండే విద్య. మాంసం కంపెనీలకూ ఇందులో లాభం ఉంది. రైతు పిల్లవాడికి మంచి పశువేదో తెలిస్తే రేపు తమకు మంచి పశువు వస్తుంది. 1919 నుంచి ఆర్మర్ కంపెనీ చొరవతో క్లబ్బుల పిల్లలు షికాగో ప్రదర్శనకు రావడం మొదలైంది. జాతీయ 4-హెచ్ మహాసభ అనే ఆనవాయితీ అలా పెరిగింది. పిల్లల చదువుకు డబ్బు పెట్టినవారు సరుకు కొనేవారే అన్న సంగతిని ఈ చరిత్ర చెప్పేవాళ్లు కొంచెం మెల్లగా చెబుతారు.

ప్రభుత్వం కూడా చేయి వేసింది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం వ్యవసాయ విస్తరణ సేవలకు కేంద్రం నుంచి డబ్బు తెచ్చింది. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో వ్యవసాయం ఉన్నత పాఠశాలల్లో వృత్తివిద్య అయింది. ఆ తరగతుల కుర్రాళ్లు 1926లో కాన్సాస్ సిటీలోని అమెరికన్ రాయల్ ప్రదర్శనలో జాతీయ ఎంపిక పోటీలకు చేరారు. రెండేళ్ల తర్వాత అదే ఊళ్లో, 18 రాష్ట్రాల నుంచి వచ్చిన 33 మందితో ఎఫ్ఎఫ్ఏ ఏర్పడింది. అంటే పశువుల పోటీ ముందు, సంస్థ తర్వాత. ఇదే ఊపు సరిహద్దులు కూడా దాటింది. కెనడాలో 1913లో మానిటోబాలోని రోలండ్‌లో, ఇంగ్లండులో 1921లో డెవన్‌లోని హెమియాక్‌లో పిల్లల క్లబ్బులు మొదలయ్యాయి. హెమియాక్‌లోది దూడల పెంపకం క్లబ్బు.

ఎవరిని రానిచ్చారన్నది ఈ కథలో చీకటి భాగం. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కుర్రాళ్లకు వేరే బడులు, వేరే పోటీలు. వాళ్ల సంస్థ న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా 1935లో అలబామాలోని టస్కీగీలో జాతీయ రూపం తీసుకుంది. 1965లో దాన్ని ఎఫ్ఎఫ్ఏలో కలిపారు. కలిసిన సంస్థలో మిగిలిన పేరూ చిహ్నమూ ఎఫ్ఎఫ్ఏవే. ఆడపిల్లలకు ఎఫ్ఎఫ్ఏ తలుపులు జాతీయ స్థాయిలో తెరుచుకున్నది 1969లో.

అదే 1969లో షికాగోలో ఇంకో తలుపు పగిలింది. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1940, 50లలో బహుమతి పశువు అంటే పొట్టిది, గుండ్రటిది, కాళ్లు కురచవి, త్వరగా కొవ్వు పట్టేది. మనిషి బెల్టు ఎత్తుకు మించని కోడెలకు చాంపియన్ రిబ్బన్లు కట్టారు. ఆ రోజుల ఫొటోల్లో పశువు పక్కన నిలబడ్డ యజమాని రాక్షసుడిలా కనిపిస్తాడు. పిల్లలకు నేర్పిందీ ఇదే. పొట్టిదాన్ని ముందు పెట్టినవాడికి మార్కులు పడ్డాయి. ఆ పొట్టితనంలో ఒక దోషం దాగి ఉందని ఆలస్యంగా బయటపడింది. ముఖ్యంగా హియర్‌ఫర్డ్ జాతిలో మరుగుజ్జు జన్యువు పాకింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అందిన దూడ ముక్కుతో గురకపెడుతూ, పొట్ట ఉబ్బి, ఎదగక చచ్చేది. ఒక్క జన్యువే ఉన్న పశువు మామూలుగానే కనిపించేది, కాకపోతే తోటివాటికంటే కాస్త బొద్దుగా, ముచ్చటగా. న్యాయనిర్ణేత కన్ను సరిగ్గా దాన్నే ఏరింది. అలాంటి ఆబోతునూ అలాంటి ఆవునూ కలిపితే నాలుగో వంతు దూడలు మరుగుజ్జువి. అంటే కన్ను చెడ్డది కాదు, బాగా తర్ఫీదైనదే. తప్పు దారిలో తర్ఫీదైంది, అంతే.

ఈలోగా మార్కెట్టు మారిపోయింది. కొవ్వుకు గిరాకీ పడిపోయింది. పెద్ద పెద్ద మేపుడు దొడ్లకు వేగంగా బరువెక్కే, కండ ఎక్కువున్న పశువు కావాలి. 1969 షికాగో ప్రదర్శనలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డాన్ గుడ్ చాంపియన్‌గా చేయి వేసింది కొనోకో అనే కోడె మీద. అది షారొలే, ఆంగస్ జాతుల సంకరం. పొడుగు, ఎత్తు, కండ. స్వచ్ఛమైన జాతులే గెలవాలనుకునే వాళ్లకు అది మింగుడుపడలేదు. ఆ తర్వాత లోలకం అటు చివరికి ఊగింది. 1980ల నాటికి చాంపియన్లు ఒంటెల్లా పెరిగాయి. మళ్లీ తప్పే, ఈసారి రెండో వైపు.

రెండుసార్లు తప్పిన కంటికి తోడుగా అంకెలు వచ్చాయి. 1971లో సిమెంటల్ జాతి పశువులు పెంచేవారి అమెరికన్ సంఘం ఆబోతుల సంతాన ఫలితాలను పట్టికగా వేసింది. ఈ ఆబోతు దూడలు పుట్టేటప్పుడు ఎంత బరువు, పాలు మానేనాటికి ఎంత, కూతుళ్లకు పాలు ఎన్ని అన్న అంచనాలు నెమ్మదిగా ఎంపిక పోటీల్లోకీ చొరబడ్డాయి. ఇప్పుడు కొన్ని వరసల్లో పశువుల ముందు ఒక కాగితం కూడా ఉంటుంది. మేత కొరతగా ఉండే నేల, తొలిచూలు పెయ్యలు, దూడలను పాలు మానగానే అమ్మేస్తారు, ఈ నాలుగు ఆబోతుల్లో ఏది కావాలి అని. అందంగా నడిచే ఆబోతుకు పుట్టుక బరువు అంకె ఎక్కువుంటే దాన్ని వెనక్కి నెట్టాలి, తొలిచూలు పెయ్య ఈనలేక నలిగిపోతుంది కాబట్టి.

మోసాలు ఇంకో వైపు నుంచి తోశాయి. 1972లో డెన్వర్ పశు ప్రదర్శనలో చాంపియన్ అయిన నల్ల కోడె అసలు నల్లదే కాదని, లేతరంగు పశువుకు రంగు పూశారని తేలింది. 1994లో ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి పశువులకు మందులతో, సూదులతో కండ తెప్పించిన సంగతి బయటపడి రిబ్బన్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వేల డాలర్లకు వేలం వేసే పశువు తాడు పిల్లవాడి చేతిలో ఉన్నా, సూది పెద్దవాళ్ల చేతిలో ఉండొచ్చు. దీంతో పశువుకు కాకుండా పిల్లవాడికి వచ్చిన పనికి మార్కులు వేసే పద్ధతికి బలం వచ్చింది.

దాని పేరు స్కిలథాన్. బల్లలు వరసగా ఉంటాయి. ఒక బల్ల మీద జాతుల బొమ్మలు, ఒకదాని మీద గాజు సీసాల్లో దాణా దినుసులు, ఇంకోదాని మీద కొమ్ములు తీసే కత్తెరలు, చెవిపోగులు వేసే పట్టకారు, ఆవు ఈనేటప్పుడు దూడను లాగే గొలుసులు. మాంసం ముక్కను చూసి అది పశువులో ఎక్కడిదో చెప్పాలి. ఎండుగడ్డి వాసన చూసి, ఆకు రాలిందో లేదో చూసి వరస కట్టాలి. ఉన్ని పోగును లాగి చూడాలి. జాతీయ 4-హెచ్ స్కిలథాన్ నవంబరులో కెంటకీలోని లూయీవిల్‌లో, అక్కడి పెద్ద పశు ప్రదర్శనతో పాటే జరుగుతుంది. ఎంపిక పోటీ కూడా అక్కడే. నాకైతే రెంటిలో ఎంపికే కష్టమనిపిస్తుంది. సీసాలోని పత్తిగింజల చెక్క ఏడాది తిరిగినా పత్తిగింజల చెక్కే. కోడెల వరస పదేళ్లకు తిరగబడుతుంది.

ఎంపికలో మార్కుల లెక్క కూడా చూడదగ్గది. సరైన వరస 2-4-1-3 అనుకుందాం. నిర్ణేత ఒక్కో జంట మధ్య తేడాకు అంకె వేస్తాడు. మొదటి రెంటి మధ్య 3, నడిమి రెంటి మధ్య 5, చివరి రెంటి మధ్య 2. మొదటి జంటను తారుమారు చేసినవాడికి 47. నడిమి జంటను తారుమారు చేస్తే 45, అక్కడ తేడా కొట్టొచ్చినట్టు ఉంది కాబట్టి. వరసంతా తలకిందులు చేస్తే 35 పోయి 15 మిగులుతాయి. ఈ లెక్క చేతితో వేయనక్కర్లేకుండా జారుడు అట్ట ఒకటి వచ్చింది. దాని మీద ఉన్న పేరు హార్మెల్, మళ్లీ మాంసం కంపెనీయే.

ఆ తర్వాత కారణాలు చెప్పాలి. గదిలో నిర్ణేత ఒక్కడే కూర్చుని ఉంటాడు. పిల్లవాడు చేతులు వెనక్కి కట్టుకుని, కాగితం చూడకుండా, రెండు నిమిషాల్లో తన వరసను సమర్థించుకోవాలి. దీనికి మరో 50. "రెండును నాలుగు కంటే ముందు పెట్టాను. దాని వీపు వెడల్పు, వెనక తొడలో కండ లోతు. నాలుగు నడకలో మేలని ఒప్పుకుంటాను. కానీ దాని పక్కటెముకల మీద కొవ్వు పలచన." ఎదుటి పశువు మంచిని ఒప్పుకోకుండా తన పశువును పొగిడితే మార్కులు తగ్గుతాయి. వరస తప్పు పెట్టినవాడు కూడా కారణాలు బాగా చెబితే మార్కులు వస్తాయి. చూసినదాన్ని చూసినట్టు చెప్పాడా అన్నదే అక్కడ లెక్క. లేని మచ్చను ఉందని చెప్పినవాడికి మాత్రం నిర్ణేత తల ఎత్తకుండా మార్కులు కోసేస్తాడు.