నీళ్లకి డబ్బులెందుకు?

చి. మైథిలికి, చి. వాసుకి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం కాబట్టి, శరణార్థుల తాగునీటి కోసం డిబ్బీ పెట్టి విరాళాలు పోగుచేస్తున్నామని రాశారు. చదివి చాలా సంతోషించాను. కానీ చివర్న వాసు పెన్సిలుతో ఇరికించి రాసిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "నీళ్లు వానలో ఊరికే వస్తాయి కదా తాతయ్యా, వాటికి డబ్బులెందుకు?"

ఇలా అనుకోరా వాసూ. ఇంట్లో అయిదుగురం ఉన్నాం, కుండ నిండా నీళ్లున్నాయి. అర్ధరాత్రి గుమ్మంలో యాభైమంది చుట్టాలు దిగారు, కట్టుబట్టలతో. గంటలో కుండ ఖాళీ. సరే, పెరట్లో బావి ఉంది, తోడుకుందాం అంటే చేద ఒక్కటే. గ్లాసులు నాలుగే, అందరూ వాటితోనే తాగాలి. తెల్లారేసరికి యాభైమందికీ దొడ్డికి వెళ్లాలి. ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే, ఆగలేని పిల్లలు బావి పక్కనే కూర్చున్నారు. మూడో రోజుకి బావిలో నీళ్లు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి, తాగడానికి మాత్రం ఒక్క చుక్క పనికిరాదు.

ఇప్పుడా యాభైని అయిదు లక్షలు చెయ్యి. 1994 జూలైలో ఆఫ్రికాలోని రువాండా నుంచి సరిహద్దు దాటి, ఇప్పటి కాంగోలోని గోమా ఊరు చేరిన శరణార్థులు అంతకన్నా ఎక్కువే, అదీ కొద్ది రోజుల్లోనే. పక్కనే కివూ అనే పెద్ద సరస్సు, కంటికి ఆనినంత మేరా నీళ్లే. నేల చూస్తే అగ్నిపర్వతపు రాయి, పలుగు దిగదు, మరుగుదొడ్లకి గోతులు తీయడం కుదరలేదు. ఆ సరస్సు నీళ్లే ముంచుకుని తాగారు. కలరా వచ్చింది. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది పోయారు, ఎక్కువమంది కలరా, విరేచనాల వల్లే. ఇది మీకు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నీళ్ల కోసం డిబ్బీ పట్టుకుని తిరిగేవాళ్లకి తెలియాలనే రాశాను.

మళ్లీ మన చుట్టాల సంగతికొద్దాం. అంతమందికి కుండ చాలదు, పెద్ద తొట్టి కావాలి. ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ వాళ్ల తొట్టి ఒకటుంది. వంకులు తిరిగిన రేకు పలకలు, లోపల పరవడానికి రబ్బరు గుడ్డ, అన్నీ మడతపెట్టిన సామానులా లారీలో వస్తాయి. పదిమంది చేరి బోల్టులు బిగిస్తే 95,000 లీటర్లు పడుతుంది. అందులోకి బురద నీళ్లు తోడి, పటిక కలిపి, మన్నంతా అడుక్కి దిగేదాకా ఆగాలి. క్రిముల్ని చంపే మందు క్లోరిన్. దాన్ని ముందే పోస్తే అది మన్నుతోనే సరిపోతుంది, క్రిముల దాకా మిగలదు. తేటపడ్డాక పోసి ఇంకో అరగంట ఆగాలి.

అప్పుడు కుళాయి దగ్గర ఒకమ్మాయి చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి బిళ్ల వేసి ఊపుతుంది. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ గొట్టాన్ని రంగుల పట్టీ పక్కన పెట్టి వెలుతురుకేసి చూస్తుంది. లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్రిములు చచ్చాక ఇంకా ఎందుకు మిగలాలంటావా? ఆ నీళ్లు డబ్బాలో గుడిసె దాకా వెళ్లాలి, రాత్రంతా అక్కడ ఉండాలి, ఎందరో చేతులు ముంచుతారు. అంతసేపూ కాపలా ఉండొద్దూ! రంగు రాలేదంటే కాపలావాడు లేడన్నమాట. నిమిషం కిందటి దాకా కంటికి కనబడనిది అలా గులాబీ రంగై నిలబడటం నాకు ఇప్పటికీ వింతే.

చేతులంటే గుర్తొచ్చింది. 1993లో మలావీలో మొజాంబిక్ శరణార్థుల శిబిరంలో కొన్ని కుటుంబాలకి మూతా, నీళ్లు వంచుకునే కొమ్మూ ఉన్న బకెట్లు ఇచ్చి చూశారు. చెయ్యి పెట్టే వీల్లేదు, అంతే తేడా. ఆ ఇళ్లలో అయిదేళ్లలోపు పిల్లలకి విరేచనాలు 31 శాతం తగ్గాయి. బకెట్టు మూతకి కూడా ఎవరో ఒకరు డబ్బిచ్చి ఉండాలి కదా.

నేను మీ అంత ఉన్నప్పుడు వరదొచ్చి మా ఇల్లు మునిగింది. ఎత్తున ఉన్న ఒక పాత భవనంలో చాలా కుటుంబాలం పదకొండు రోజులున్నాం. అందరికీ ఒకటే చేతిపంపు. జనం ఆదరించారు, కాదనను. దుప్పట్లొచ్చాయి, చొక్కాలొచ్చాయి, నాకు రెండు కుడి కాలి జోళ్లొచ్చాయి. నాలుగో రోజు పంపు హ్యాండిల్ తేలిగ్గా ఊగడం మొదలెట్టింది, నీళ్లు రావడం మానేశాయి. లోపల తోలు వాషరు అరిగిపోయింది. అరచేతిలో ఇమిడేంత ముక్క! దుప్పట్ల గుట్ట పక్కన నిలబడి అమ్మ ఆ పంపుకేసి చూసిన చూపు నాకింకా గుర్తే. చివరికి సైకిళ్లు బాగుచేసే ముసలాయన నా జోళ్లలో ఒకటి అడిగి తీసుకుని, తోలు గుండ్రంగా కోసి, నూనెలో నానబెట్టి లోపల దించాడు. మొదట గాలి బుసకొట్టింది. తర్వాత నీళ్లు పడ్డాయి. అంతమంది పెద్దవాళ్లు ఒక్కసారే నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

అందుకే మీకో మాట చెబుతున్నా. కొత్త బావి అంటే అందరూ ఇస్తారు. పేరు చెక్కించుకోవచ్చు, ఫొటో తీయించుకోవచ్చు. వాషరుకి, పటికకి, గులాబీ రంగు చూసే ఆ అమ్మాయి జీతానికి అడిగేవాళ్లు తక్కువ. మీరు వాటికోసం అడగండి. చుట్టాలైతే నాలుగు రోజులుండి వెళ్తారు. శరణార్థులు వెళ్లలేరు, ఇల్లే లేదు. కెన్యాలో దాదాబ్ శిబిరాలు 1991లో మొదలయ్యాయి. అక్కడ పుట్టిన పిల్లలకి పిల్లలు పుట్టారు. అన్నేళ్లూ రోజూ పొద్దున్నే కుళాయి తిరగాలి.

డబ్బు పంపేటప్పుడు "బావికి మాత్రమే" అని షరతు పెట్టొద్దు, మరమ్మతులకీ వాడుకోవచ్చని రాయండి. ఏడాది తర్వాత పంపు చెడితే ఎవరు బాగుచేస్తారని ఆ సంస్థని ముందే అడగండి. ఏడుస్తున్న పిల్లల బొమ్మ డిబ్బీ మీద అంటించకండి, మీ బొమ్మ అలా అంటిస్తే మీకు నచ్చుతుందా? ఎవరెంత ఇచ్చారో కాగితం మీద రాసి అందరికీ కనబడేలా పెట్టండి.

మైథిలీ, సీసా నీళ్లు పంపుదామన్నావు. ఒక్క లెక్క చూడు. శిబిరాల్లో ఒక మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు ఉండాలని, ఒక కుళాయికి 250 మందికి మించకూడదని సహాయ సంస్థలు పెట్టుకున్న లెక్క. అంటే ఒక్క కుళాయి జనానికే రోజుకి 3,750 లీటర్లు, నాలుగు టన్నులకి కాస్త తక్కువ బరువు. సీసాల్లో ఎన్నాళ్లు మోస్తాం? అదే నిమిషానికి ఏడున్నర లీటర్లు పడే కుళాయైతే, ఆగకుండా ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు తిప్పి ఉంచితే సరిపోతుంది.

ఆదివారం ఒక పని చేయండి. కుళాయి కింద బకెట్టు పెట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో వాసు గడియారం చూసి రాయాలి. తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని అయిదు వందల మీటర్లు మోయండి. నీళ్ల చోటు అంతకన్నా దూరం ఉండకూడదని సహాయ సంస్థల నియమం. ఎన్నిసార్లు దించారో లెక్కపెట్టండి. మిగిలిన నీళ్లు మొక్కలకి పోసి, ఆ అంకెలన్నీ నాకు రాయండి.

మీ
తాతయ్య