గుజ్జు ఫ్యాక్టరీ ప్యానెల్‌కు ఏ టెర్మినల్ బ్లాక్?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు సీజన్ రెండు మూడు నెలలే. తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరిన రోజున మోటార్లకు కరెంటు పంచే ప్యానెల్లో ఒక్క వైరు వదులైతే లైను ఆగుతుంది. కాయ మాత్రం మాగుతూనే ఉంటుంది.

ప్యానెల్లో వైరును బిగించి మరో వైరుతో కలిపే దిమ్మె టెర్మినల్. దాన్ని కొనేటప్పుడు చాలామంది ఆంపియర్లే చూస్తారు. 2.5 స్క్వేర్ ఎంఎం (అది పట్టే వైరు అడ్డుకోత వైశాల్యం) టెర్మినల్‌కు 24, 4కు 32, 6కు 41 ఆంపియర్లు. 415 వోల్టుల 7.5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద తీసుకునేది 11 దరిదాపుల్లోనే. అయినా దూరం వల్ల 4 స్క్వేర్ కేబుల్ లాగితే టెర్మినల్ కూడా 4దే కావాలి. వైరు పోగులు కత్తిరించి చిన్నదాంట్లో దూర్చకూడదు.

మాడిపోయిన టెర్మినళ్లలో ఎక్కువ వాటికి కారణం అతుకు, అంటే వైరు టెర్మినల్‌ను తాకే చోటు. అతుకు నిరోధం 1 మిల్లీఓమ్ ఉంటే 20 ఆంపియర్లకు పుట్టే వేడి 0.4 వాట్లు. వదులై 10 మిల్లీఓమ్‌లకు చేరితే 4 వాట్లు. అంత ఇరుకు చోట ప్లాస్టిక్ రంగు మారడానికి ఆ వేడి చాలు. వేడికి రాగి వ్యాకోచిస్తుంది, చల్లారి ముడుచుకుంటుంది, పట్టు ఇంకా సడలుతుంది. ఎండాకాలం మూసిన ప్యానెల్ లోపల 50 డిగ్రీలు దాటితే ఇది మరీ త్వరగా జరుగుతుంది.

అందుకే గుజ్జు తీసే పల్పర్, పంపుల పక్కన అదిరే చోట స్ప్రింగ్ రకమే మేలు. సడలిన కొద్దీ స్ప్రింగ్ తానే నొక్కుతుంది. కదలని మెయిన్ ప్యానెల్లో స్క్రూ రకం చాలు. 2.5 సైజు ఎం3 స్క్రూకు సాధారణంగా 0.5 నుంచి 0.6 న్యూటన్ మీటర్ల బిగింపు. బ్లాక్ తయారీదారు ఇచ్చిన అంకె వేరైతే అదే పాటించాలి. బలం కొద్దీ తిప్పితే మర అరుగుతుంది.

పోగుల వైరు కొసకు పిన్ లగ్గు (నొక్కి బిగించే లోహపు తొడుగు) తప్పనిసరి. సోల్డర్ పూసి బిగించడం పాత అలవాటు, మానాలి: ఒత్తిడికి సోల్డర్ మెల్లగా జారి స్క్రూ వదులవుతుంది. ఒకే స్క్రూ కింద లావు, సన్న వైర్లు రెండూ పెడితే లావుది పట్టుకుంటుంది, సన్నది ఊడుతుంది. అక్కడ పక్క టెర్మినల్ తీసుకుని జంపర్ (రెండు టెర్మినళ్లను కలిపే పట్టీ) వేయాలి.

కరెంటు కొలవడానికి పెట్టే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) వైర్లకు, రెండు కొసలనూ కలిపి ఉంచే షార్టింగ్ లింకున్న టెర్మినలే వాడాలి. కరెంటు పారుతుండగా సీటీ సెకండరీ (మీటరు వైపు చుట్ట) తెరుచుకుంటే ప్రాణాంతక వోల్టేజీ వస్తుంది. ఇందులో రాజీ లేదు. వరస చివర తెరిచిన పక్కను మూసే ఎండ్ ప్లేటు, రెండు వైపులా జారకుండా పట్టే ఎండ్ క్లాంపులు, ఐదో వంతు ఖాళీ టెర్మినళ్లు ఉంచుకోవాలి.

సీజన్‌కు ముందు సప్లై తీసి, తాళం వేసి, ప్రతి వైరూ చేత్తో లాగి చూడాలి. లైను పూర్తి లోడు మీద గంట నడిచాక థర్మల్ కెమెరా పెట్టండి. ఒకే మోటారు మూడు ఫేజుల టెర్మినళ్లు దాదాపు ఒకే వేడిలో ఉండాలి. ఒకటి స్పష్టంగా ఎక్కువ కాలుతుంటే సప్లై తీసి దాన్ని విప్పి, లగ్గు కత్తిరించి కొత్తది వేయాలి.