ఫొటోల కోసం ప్రయాణాలు: కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

ఫొటోలు తీయడానికి ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ నెలలో వెళ్తున్నారు, ఏ పూట అక్కడ ఉంటారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. చోటు ఖాయం చేసేసుకుంటారు, టికెట్లు కొనేస్తారు, మిగతాది వెళ్లాక చూసుకుందాం అనుకుంటారు. ఈ రంగంలో పాతుకుపోయిన అపోహలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

అపోహ: పేరున్న చోటికి సూర్యోదయానికల్లా చేరుకుంటే మంచి ఫొటో ఖాయం.

వాస్తవం: ఆ కట్టడం ఎటువైపు తిరిగి ఉందో ముందు చూసుకోవాలి. కంబోడియాలోని అంగ్కోర్ వాట్ పడమటి ముఖంగా కట్టిన గుడి. తెల్లవారుజామున దాని ముందు నిలబడితే సూర్యుడు గుడి వెనక నుంచి పైకొస్తాడు. దొరికేదల్లా నల్లటి ఆకారం, దాని వెనక రంగులు మారే ఆకాశం, కోనేటిలో ప్రతిబింబం. అదీ బాగుంటుంది, కాదనను. కానీ రాతి మీద వెచ్చని ఎండ కావాలి, చెక్కడాలు కనిపించాలి అనుకునేవాళ్లు రావాల్సింది సాయంత్రం పూట. ఇంకో సంగతి. గుడి దారి మధ్యలో సూటిగా నిలబడితే అయిదు గోపురాల్లో మూడే కనిపిస్తాయి. ఎడమ చేతి వైపు కోనేటి గట్టు దాకా జరిగితే అయిదూ విడివిడిగా బయటపడతాయి. చీకటితోనే జనమంతా ఆ గట్టు మీద ట్రైపాడ్‌లు పాతేది అందుకే. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో గుడికి సూటిగా ఎదురుగా నిలబడి చూస్తే సూర్యుడు నడిమి గోపురం మీదుగా లేస్తాడు. డిసెంబరులో కుడికి, జూన్‌లో ఎడమకు జరిగిపోతాడు.

వారణాసి సరిగ్గా దీనికి తలకిందులు. ఘాట్లన్నీ గంగకు పడమటి ఒడ్డున తూర్పు ముఖంగా ఉన్నాయి. పొద్దున్నే పడవెక్కి నది మధ్యకు వెళ్తే సూర్యుడు మీ వెనక ఉంటాడు, ఎండ నేరుగా మెట్ల మీద పడుతుంది. సాయంత్రానికి సూర్యుడు భవనాల వెనక్కి పోతాడు, మెట్లన్నీ నీడలో మునుగుతాయి. అక్కడ సూర్యాస్తమయాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లు దీపాలు వెలిగే దాకా ఆగాల్సిందే.

ఇవన్నీ ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. సూర్యుడు ఏ రోజున ఏ దిక్కున ఉదయిస్తాడో మ్యాప్ మీద గీత గీసి చూపించే యాప్‌లు ఉన్నాయి. కొత్త లెన్స్ గురించి నెలల తరబడి చదివేవాళ్లు ఈ పనికి పది నిమిషాలు కూడా కేటాయించరు, అదేమిటో!

అపోహ: గోల్డెన్ అవర్ (సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయానికి ముందు ఉండే బంగారు వెలుగు వేళ) అంటే ఒక గంట. మిట్టమధ్యాహ్నం కెమెరా బ్యాగులోనే ఉండాలి.

వాస్తవం: ఆ గంట ఎంతసేపు సాగుతుందన్నది మీరు భూమ్మీద ఎక్కడున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు, చూస్తుండగానే చీకటి పడుతుంది. అదే డిసెంబరులో ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో అయితే పగలు నాలుగు గంటలకు కాస్త అటూఇటూ. ఆ కాసేపూ సూర్యుడు నేలను అంటిపెట్టుకునే ఉంటాడు కాబట్టి, మబ్బు లేకపోతే, మధ్యాహ్నం పన్నెండింటికైనా బంగారు వెలుగే.

మిట్టమధ్యాహ్నం మాటకొస్తే అమెరికాలోని యాంటిలోప్ కాన్యన్ ఉంది. అరిజోనాలో నవాహో తెగవారి నేలలో ఉన్న ఇరుకైన రాతి చీలిక అది. పైనుంచి కిందికి స్తంభంలా దిగే వెలుగు కిరణం వేసవి నెలల్లో, సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే లోపలికి వస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే ఆ కిరణం ఉండదు. గైడ్ లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు కూడా.

అపోహ: ప్రకృతి దృశ్యాలకు వైడ్ యాంగిల్ లెన్స్ (ఎక్కువ మేర దృశ్యాన్ని ఒకే ఫ్రేములో పట్టేది) ఒక్కటి చాలు.

వాస్తవం: కొన్నిచోట్ల నిజమే. అరిజోనాలోనే ఉన్న హార్స్‌షూ బెండ్ కొండ అంచున నిలబడి కొలరాడో నది వంపు మొత్తం పట్టాలంటే వైడ్ తప్పదు. కానీ నమీబియాలోని డెడ్‌వ్లై చూడండి. ఎండిపోయిన తెల్లటి బంకమట్టి నేల, వందల ఏళ్ల కిందటే చనిపోయి కుళ్లకుండా నిలబడిపోయిన చెట్ల మోళ్లు, చుట్టూ ఎత్తయిన ఇసుక తిన్నెలు. పొద్దున్నే ఎండ మొదట వెనకున్న తిన్నె మీద పడుతుంది. నేల ఇంకా నీడలోనే ఉంటుంది. ఆ కాసేపట్లో తిన్నె నిప్పులా నారింజ రంగుకు తిరుగుతుంది, చెట్లు నల్లగా అయిపోతాయి, నీడలోని తెల్లటి నేల నీలంగా కనిపిస్తుంది. ఇది పెయింటింగా, ఫొటోయా అని జనం అడిగేవి ఇలా తీసినవే.

ఇక్కడ వైడ్ పెడితే ఆకాశమూ నేలా ఫ్రేమును తినేస్తాయి, చెట్టు అగ్గిపుల్లంత అవుతుంది. వెనక్కి నడిచి, దూరాన్ని దగ్గరకు లాగే 100 మిల్లీమీటర్లు దాటిన లెన్స్ పెట్టి, ఫ్రేములోంచి ఆకాశాన్ని పూర్తిగా తీసేయండి. తిన్నె గోడలా చెట్టు వెనక్కి వచ్చి నిలబడుతుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుగు, తిన్నెకు సరిపెట్టండి, చెట్టుకు కాదు. కెమెరాను ఆటోకు వదిలేస్తే నీడను చూసి కంగారుపడి అంతటినీ వెలిగించేస్తుంది, నారింజ రంగు వెలిసిపోతుంది. నీడ అంచు నేల మీద జరుగుతూ చెట్ల మొదళ్ల దాకా వస్తుంటుంది. అది దాటాక మిగిలేది మామూలు ఎండ ఫొటోనే.

అపోహ: ఫొటోల్లో చూసిన దృశ్యం ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది.

వాస్తవం: బొలీవియాలోని సలార్ దె ఉయూని ఉప్పు మైదానం పదివేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఆకాశం నేల మీద పరిచినట్టుండే అద్దం ఫొటో వానాకాలానిది, మామూలుగా జనవరి నుంచి మార్చి దాకా. జులైలో వెళ్తే చుక్క నీరుండదు, ఉప్పు మీద ఆరు పలకల పగుళ్లు కనిపిస్తాయి. నా మటుకు నాకు ఆ పగుళ్లే ఇష్టం, సూర్యాస్తమయం వేళ ఏటవాలు వెలుగులో ఒక్కో అంచూ లేచి కనిపిస్తుంది. నీళ్లున్న రోజుల్లో కూడా గాలి ఆగితేనే అద్దం. కెమెరాను నీటికి జానెడు ఎత్తుకు దించండి, ప్రతిబింబం నిండుగా వస్తుంది. తిరిగొచ్చాక ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడగడం మరిచిపోవద్దు, ఉప్పు కీళ్లను తినేస్తుంది. మైదానం 3,600 మీటర్లకు పైన ఉంది కాబట్టి మొదటి రోజే పరుగులు పెట్టకండి.

అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో ఉన్న హార్స్‌టెయిల్ జలపాతం మరీ పెంకిది. ఎల్ కాపిటన్ కొండ అంచు నుంచి నిప్పు కారుతున్నట్టు కనిపించే ఆ దృశ్యం ఫిబ్రవరి రెండో సగంలో, సూర్యాస్తమయానికి ముందు కొద్ది నిమిషాలే. మంచు కరిగి నీళ్లు పారుతుండాలి, పడమట మబ్బు ఉండకూడదు. రెండింట్లో ఒకటి లేకున్నా మిగిలేది తడిసిన బండ.

ఐస్‌లాండ్‌కు జూన్‌లో వెళ్లి అరోరా (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) కోసం చూసేవాళ్లున్నారు. అక్కడ ఆ నెలలో చీకటే పడదు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా వెళ్లాలి. పాలపుంత నడిబొడ్డు కోసం అయితే ఐస్‌లాండ్ ఏ నెలలోనూ పనికిరాదు, అంత ఉత్తరాన అది దిగంతం పైకే రాదు. దానికి దక్షిణాన చిలీలోని అటకామా లాంటి చోటు, అమావాస్య రోజులు కావాలి.

అపోహ: అరోరా కంటికి కూడా ఫొటోలో ఉన్నంత ఆకుపచ్చగా ఉంటుంది.

వాస్తవం: బలంగా వచ్చిన రాత్రి ఉంటుంది. మామూలు రాత్రుల్లో కంటికి బూడిద రంగు మబ్బులా ఉండొచ్చు. మసక వెలుగులో మన కన్ను రంగును సరిగా పట్టలేదు, కెమెరా సెకన్ల తరబడి వెలుగును పోగేసుకుంటుంది. ఆకాశంలో తెల్లటి చారను చూసి అనుమానం వస్తే ఒక ఫొటో తీసి చూడండి.

అపోహ: దూరదేశం వెళ్తేనే గొప్ప ఫొటో.

వాస్తవం: చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ 1940 నుంచి ఏళ్ల తరబడి ప్రాగ్‌లో తన స్టూడియో కిటికీనే తీశాడు. అద్దం మీద ఆవిరి, మంచు, బయట ఒక వంకర చెట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆయన. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే చిన్న ఊరి దగ్గర రోడ్డు పక్కన కారాపి తీసిన చంద్రోదయం ఫొటో ఇంకో ఉదాహరణ. వెలుగును కొలిచే లైట్ మీటర్ ఆయన చేతికి దొరకలేదు. చందమామ వెలుగు ఎంతో ఆయనకు అంకెల్లో కంఠతా వచ్చు, దాన్నుంచే ఎక్స్‌పోజర్ లెక్కగట్టాడు. రెండో ఫొటో తీసేలోపే ఊరి సమాధుల శిలువల మీది ఎండ పోయింది. కళ్ల ముందు వెలుగు ఎలా మారుతోందో ఇద్దరికీ క్షుణ్ణంగా తెలుసు. కొత్త చోట రెండు రోజులుండి వచ్చేవాళ్లకు అంత పరిచయం కుదరదు. అందుకే నేను అయిదు చోట్లు తిరిగే ట్రిప్పు కంటే ఒకే చోట అయిదు రోజులు ఉండమంటాను.

అపోహ: టికెట్ కొన్నాం కాబట్టి ఏదైనా తీసుకోవచ్చు.

వాస్తవం: తాజ్‌మహల్‌లోకి ట్రైపాడ్ తీసుకెళ్లనివ్వరు, సమాధి గదిలో ఫొటోలు నిషేధం, శుక్రవారం సందర్శకులకు సెలవు. అమెరికా నేషనల్ పార్కుల్లో డ్రోన్ ఎగరేయడం 2014 నుంచి నిషిద్ధం. జపాన్‌లో ఫూజీ కొండ కనిపించే ఒక వీధిలో ఫొటోల కోసం వచ్చేవాళ్ల తాకిడి తట్టుకోలేక 2024లో కొన్నాళ్లు నల్లటి తెర కట్టారు. ఐఫెల్ టవర్ పగటి ఫొటోను ఎలాగైనా వాడుకోవచ్చు. రాత్రి దీపాలంకరణకు మాత్రం కాపీరైట్ ఉంది. జ్ఞాపకంగా దాచుకునే ఫొటోకు ఎవరూ అడ్డు చెప్పరు, దాన్ని క్యాలెండరుగా అచ్చేసి అమ్మాలనుకుంటే ముందు టవర్ నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి.